పడినా పగలని గుడ్డు

కోడిగుడ్ల వ్యాను స్పీడు బ్రేకరు ఎక్కి దిగడం మీరెప్పుడైనా గమనించారా? ముందు చక్రాలు ఎగిరి పడతాయి. వెనక చక్రాలు ఇంకా గట్టిగా ఎగిరి పడతాయి. వెనకున్న అట్టపెట్టెలన్నీ ఒక్కసారి అదిరిపడతాయి. ఒక్కో పెట్టెలో ఏడు ట్రేలు, ఒక్కో ట్రేలో ముప్పై గుడ్లు, వెరసి 210 గుడ్లు. దుకాణం ముందు దించి చూస్తే ఒకటో రెండో చిట్లి ఉంటాయి, చాలాసార్లు అదీ ఉండదు. అదే గుడ్డు వంటింటి గట్టు మీద నుంచి దొర్లి నేల మీద పడిందనుకోండి, ఇక చెప్పేదేముంది! గుడ్డపేలిక తెచ్చి తుడుచుకోవడమే.

ఎందుకీ తేడా? ఈ ప్రశ్నతోనే మా తొమ్మిదో తరగతి పిల్లలతో నేనొక ప్రయోగం మొదలుపెట్టాను. మా బడి తుర్కపల్లికి దగ్గర్లో ఉంది. యాదగిరిగుట్ట వైపు ఉన్న తుర్కపల్లి కాదు. హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటాక వచ్చేది. ఈ చుట్టుపక్కల కోళ్లఫారాలున్నాయి కాబట్టి మా పిల్లలకు గుడ్ల వ్యాన్లు కొత్త కాదు. అయినా ఈ ప్రశ్న అడిగితే తరగతి అంతా ఒకటే జవాబు చెప్పింది: "ట్రే మెత్తగుంటది సార్, నేల గట్టిగుంటది." జవాబు తప్పు కాదు. కాని మెత్తదనం అంటే ఏమిటి? అది గుడ్డుకు చేసే మేలు ఏమిటి? అక్కడ అందరూ ఆగిపోయారు.

ముందుగా ఒక చిన్న పని చేశాం. ఇది మీరూ చేసి చూడవచ్చు. ఇద్దరు పిల్లలు ఒక పాత దుప్పటిని తెరలాగా నిలువుగా పట్టుకోవాలి. కింది అంచును ముందుకు మడిచి ఒడిలాగా చెయ్యాలి. లేకపోతే గుడ్డు జారి కింద పడుతుంది. దుప్పటి బిగుతుగా ఉండకూడదు, కాస్త వదులుగా వేలాడాలి. ఇప్పుడు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి పచ్చి గుడ్డును మీ శక్తికొద్దీ దుప్పటి మధ్యకు విసరండి. మా తరగతిలో క్రికెట్ బాగా ఆడే కుర్రవాడు విసిరాడు. వెనక బెంచీ వాళ్లు ముందే కళ్లు మూసుకున్నారు. గుడ్డు దుప్పటిని అడుగున్నర వెనక్కి తోసి, ఒడిలోకి జారి, అలాగే కూర్చుంది. రెండోసారి విసిరాడు. మూడోసారీ విసిరాడు. పగలలేదు.

వంటింటి గట్టు మీద నుంచి పడిన గుడ్డు వేగం కంటే ఆ కుర్రవాడు విసిరిన గుడ్డు వేగమే ఎక్కువ. కాబట్టి గుడ్డును పగలగొట్టేది వేగం కాదు. పడడమూ కాదు. పడుతున్నంతసేపూ గుడ్డుకు ఏ బాధా లేదు. దారిలో గాలి తప్ప దానికి తగిలేదేదీ లేదు. అసలు కథంతా అది ఆగేటప్పుడు జరుగుతుంది. దుప్పటి గుడ్డును అడుగున్నర దూరంలో మెల్లగా ఆపింది. నేల దాన్ని వెంట్రుకవాసిలో ఆపేస్తుంది.

ఈ మాటకు లెక్క కడదాం. తొమ్మిదో తరగతిలో 'పని, శక్తి' పాఠం చదివిన వారికి ఇది కష్టం కాదు. ఎత్తులో ఉన్న వస్తువుకు స్థితిజశక్తి ఉంటుంది. అది వస్తువు బరువును ఎత్తుతో గుణిస్తే వస్తుంది. కింద పడి ఆగేసరికి ఆ శక్తి అంతా ఖర్చు కావాలి. ఆపే బలాన్ని, ఆగడానికి పట్టిన దూరంతో గుణిస్తే వచ్చే పని కూడా సుమారుగా అంతే. అంటే, బరువు × పడిన ఎత్తు = ఆపే బలం × ఆగిన దూరం. ఇందులోంచి ఎంతో సులువైన సూత్రం ఒకటి వస్తుంది. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించండి. ఎన్ని రెట్లు వచ్చిందో, వస్తువు మీద దాని బరువుకు సుమారు అన్ని రెట్ల బలం పడుతుంది. (ఆగే దూరంలో కూడా వస్తువు కొంచెం కిందికి దిగుతుంది గదా అని మీలో చురుకైనవారు అడగవచ్చు. నిజమే. ఆ కొద్దిపాటి దూరాన్ని ఇక్కడ వదిలేశాం.)

మా బడి మొదటి అంతస్తు వరండా పిట్టగోడ నుంచి నేలకు 4 మీటర్లు. అక్కడి నుంచి వదిలిన గుడ్డు నేలను చేరేసరికి సెకనుకు దాదాపు 8.9 మీటర్ల వేగం అందుకుంటుంది. గంటకు 32 కిలోమీటర్లన్నమాట. ఊరిలోపల మోటారుసైకిలు పోయే వేగమే. ఈ పోలికను గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

గుడ్డు బరువు 55 గ్రాములు అనుకుందాం. సిమెంటు నేల మీద అది 2 మిల్లీమీటర్లలో ఆగితే? 4 మీటర్లు అంటే 4000 మిల్లీమీటర్లు. 4000ను 2తో భాగిస్తే 2000 రెట్లు. 55 గ్రాములకు 2000 రెట్లంటే 110 కిలోలు! చిన్న గుడ్డు మీద పెద్ద మనిషి నిలబడినట్టు. మరి గుడ్డు పెంకు ఎంత మోయగలదు? ఇది పుస్తకంలో చూడకుండా మేమే కొలిచాం. గుడ్డును పడుకోబెట్టి, దొర్లకుండా కింద చిన్న గుడ్డ చుట్ట వేసి, పైన పలక పెట్టి, పలక మీద తూకపురాళ్లు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయాం. మేము పరీక్షించిన గుడ్లు మూడు, నాలుగు కిలోల మధ్య చిట్లాయి.

మూడు కిలోలే హద్దు అనుకుంటే, 3000 గ్రాములను 55తో భాగించండి. దాదాపు 55 రెట్లు. గుడ్డు తన బరువుకు 55 రెట్ల వరకు ఓర్చుకుంటుందన్నమాట. ఇప్పుడు 400 సెంటీమీటర్లను 55తో భాగిస్తే 7.3 సెంటీమీటర్లు. ఎంత అందమైన జవాబు! మొదటి అంతస్తు నుంచి పడే గుడ్డును కాపాడాలంటే దాన్ని ఆపడానికి కనీసం నాలుగు వేళ్ల వెడల్పంత దూరం ఇవ్వాలి. అంతకు తగ్గితే ఎంత ఖరీదైన మెత్త వేసినా లాభం లేదు.

ఇక పోటీ. పిల్లలు ఆరు జట్లుగా విడిపోయారు. నియమాలు నాలుగే. పెట్టె ఏ వైపునా 20 సెంటీమీటర్లు మించకూడదు. మొత్తం బరువు అరకిలో దాటకూడదు. ఏదీ కొనకూడదు, ఇంట్లో దొరికేదే తేవాలి. గుడ్డును ముందుగా శుభ్రమైన పాలిథిన్ కవరులో చుట్టాలి. చివరి నియమం మా వంటమనిషిది. "పగిలిన గుడ్డు నేలపాలు జేస్తె ఊకోను సార్" అని ఆమె ముందే హెచ్చరించింది. కవరులోనే పగిలితే వెంటనే అట్టు వేసుకోవచ్చు గదా!

పెట్టెలను మేడ మీద నుంచి వదిలింది నేనే. మీరు చేసినా సరే, పెద్దవాళ్లే వదలాలి, పిట్టగోడ మీదికి ఎవరూ వంగకూడదు, కింద సున్నంతో గుండ్రం గీసి ఆ లోపలికి ఎవరినీ రానివ్వకూడదు. పచ్చి గుడ్డు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మొదటి జట్టు పత్తి తెచ్చింది. పత్తి కంటే మెత్తనిది ఏముంది అని వాళ్ల ధీమా. పెట్టెలో ఎంత పడితే అంత కూరి, ఇంకా కూరి, మూత మీద ఒకడు కూర్చుని తాడు కట్టారు. గుడ్డు పగిలింది. వాళ్ల ముఖాలు చూడాలి! కారణం ఆలోచించండి. కూరిన పత్తిలో నలగడానికి ఇంకా చోటు లేదు. నలిగే చోటు లేకపోతే ఆగే దూరం ఎక్కడి నుంచి వస్తుంది? దిండులో పత్తి మెత్తగా ఉండేది, పత్తి వల్ల కంటే మధ్యలో ఉన్న ఖాళీ వల్లనే.

రెండో జట్టు ఊక నింపింది. ఇంటి దగ్గర నిండుగానే నింపారట. కాని ఒకడు దాన్ని సైకిలు వెనక కట్టుకుని మూడు కిలోమీటర్లు వచ్చాడు. దారిపొడవునా కుదుపులకు ఊక కుదించుకుపోయి పైన నాలుగు వేళ్ల ఖాళీ ఏర్పడింది. పెట్టె గాలిలో పల్టీ కొట్టి తలకిందులుగా పడింది. గుడ్డు ఆ ఖాళీలోంచి దూసుకుపోయి మూతకు కొట్టుకుంది. ఈ జట్టు ఓడిపోయినా వీళ్లు నేర్పిన పాఠం చాలా విలువైనది. పెట్టె పడక ముందు ప్రయాణం చేస్తుంది. ప్రయాణంలో ఏమవుతుందో కూడా చూసుకోవాలి.

మూడో జట్టు ఉపాయం నాకు బాగా నచ్చింది. సైకిలు పాత ట్యూబును పట్టీలుగా కోసి, పెట్టె మధ్యలో గుడ్డును ఉట్టిలాగా వేలాడదీశారు. ఉట్టి చక్కగా సాగింది. సాగి, ఊగి, గుడ్డును తీసుకుపోయి పక్క గోడకు కొట్టింది. వాళ్లు రెండో అవకాశం అడిగారు. ఈసారి పెట్టె ఎనిమిది మూలల నుంచీ పట్టీలు లాగి కట్టారు, ఊగకుండా. పైకి చూస్తే గుడ్డు బాగానే ఉంది. "సార్, మాది పల్గలే!" అని కేక పెట్టారు. చీకటి గదిలోకి తీసుకుపోయి వెనక టార్చి పెట్టి చూశాం. పెంకు మీద సన్నని దారంలాంటి గీత మెరిసింది. చిట్లు! కంటికి కనిపించని చిట్లు కూడా పగలడమే అని అంతకుముందే నియమం చెప్పాను. వాళ్లకు కోపం వచ్చింది. ఈ నియమం ఎందుకు పెట్టానో కాసేపట్లో చెబుతాను.

నాలుగో జట్టు పరుపులోని స్పాంజి ముక్కలు పేర్చింది. పెట్టె నేలకు తగిలింది. గుడ్డుకు ఏమీ కాలేదనే నా నమ్మకం. కాని పెట్టె బంతిలా పైకి లేచి, పక్కనున్న మెట్టు అంచు మీద రెండోసారి పడింది. అక్కడ పగిలింది. ఐదో జట్టు సంగతి వేరు. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి, గుడ్డు అడుగుకు మునగకుండా మధ్యలో తేలేదాకా ఉప్పు కలిపి, గాలి మిగలకుండా మూత బిగించారు. డబ్బా అడుగు చీలింది. ఉప్పునీళ్లు నా చొక్కా దాకా చిమ్మాయి. గుడ్డు మాత్రం నిక్షేపంగా ఉంది! నీళ్లు గుడ్డును ఒకచోట కాకుండా అన్నివైపులా సమానంగా ఒత్తుతాయి. లోపలున్నదీ ద్రవమే కాబట్టి పెంకుకు లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సుమారుగా సరిపోతాయి. బలం ఎంతన్నదే కాదు, ఎంత వైశాల్యం మీద పరుచుకున్నదన్నది కూడా ముఖ్యమే. అదే పీడనం. మన మెదడు కూడా పుర్రెలో ఒక ద్రవంలో తేలుతూ ఉంటుందని మీరు జీవశాస్త్రంలో చదివే ఉంటారు.

గెలిచింది ఆరో జట్టు. నిజానికి వాళ్లది చూడడానికి అన్నిటికంటే నాసి పెట్టె. లోపల వట్టి వరిగడ్డి. కాని వాళ్లు లెక్క సరిగా కట్టారు. 20 సెంటీమీటర్ల పెట్టెలో నాలుగున్నర సెంటీమీటర్ల గుడ్డును నట్టనడుమ పెడితే ఒక్కో వైపు ఏడూ ముప్పాతిక సెంటీమీటర్లే మిగులుతుంది. మనకు కావలసింది 7.3. సరిపోతుందనిపిస్తుంది. కాని ఏ మెత్తా పూర్తిగా సున్నా మందానికి నలగదు. సగం నలిగితే గొప్ప. అంటే మధ్యలో పెట్టిన గుడ్డుకు దక్కేది నాలుగు సెంటీమీటర్లు కూడా కాదు. అందుకని వాళ్లు గుడ్డును పెట్టె పైభాగంలో పెట్టి, కింద పదమూడు సెంటీమీటర్లకు పైగా గడ్డి పరిచారు. మరి పెట్టె తలకిందులైతే? అడుగున ఒక రాయి కట్టి, మూతకు గాలిపటం తోకలాగా పొడుగాటి గుడ్డపేలిక తగిలించారు. పెట్టె బాణంలా నిటారుగా దిగింది. గడ్డి చప్పుడు చేస్తూ నలిగింది. టార్చి వెలుగులో కూడా పెంకు మీద గీత లేదు.

వరిగడ్డి ఎందుకు గెలిచింది, స్పాంజి ఎందుకు ఓడింది? రెండూ మెత్తనివే. స్పాంజి స్ప్రింగులాంటిది. మొదట సులువుగా నొక్కుకుంటుంది, పోనుపోను మొండికేస్తుంది, చివర్లో బలం ఒక్కసారి పెరిగిపోతుంది. మనం కట్టిన లెక్క సగటు బలానిది. పెంకును చిట్లించేది గరిష్ఠ బలం. పైగా స్పాంజి తాను తీసుకున్న శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే పెట్టె ఎగిరింది. గడ్డిపోచ అలా కాదు. అది వంగి, విరిగి, నలిగి ఊరుకుంటుంది. మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకే బలంతో అడ్డుకుంటుంది, తీసుకున్న శక్తిని వెనక్కి ఇవ్వదు. మన కుమ్మరులు కుండల బండిలో గడ్డి పరిచేది, గాజుల పెట్టెల్లో గడ్డి కుక్కేది ఇందుకే. ఈ లెక్కలు రాయకముందే ఆ చేతులకు ఆ సంగతి తెలుసు.

గుడ్ల ట్రే కూడా ఇదే జాతి. 1911లో కెనడాలో జోసెఫ్ కోయిల్ అనే పత్రికా సంపాదకుడు గుడ్లు విడివిడిగా కూర్చునే కాగితపు పెట్టెను తయారుచేశాడు. నేటి ట్రే పాత కాగితాల గుజ్జుతో అచ్చు పోసినది. ప్రతి గుడ్డుకూ ఒక గుంట ఉండడం వల్ల గుడ్డు గుడ్డుకు తగలదు. గుంట గోడలు చుట్టూ ఆనడం వల్ల బలం పరుచుకుంటుంది. మరీ గట్టిగా తగిలితే కాగితపు గుబ్బలు నలిగిపోతాయి. ట్రే చెడుతుంది, గుడ్డు మిగులుతుంది.

ఇది చిన్న విషయం అనుకోకండి. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన మన చంద్రయాన్-3 లోని విక్రమ్ ల్యాండరు కాళ్లలో కూడా నలిగే భాగాలున్నాయి. తేనెపట్టు గదుల్లా అల్లిన పలచని అల్యూమినియం అది. నేల తగలగానే ఆ గదులు నలుగుతాయి, తిరిగి లేవవు. 2019లో చంద్రయాన్-2 ల్యాండరు అనుకున్న దానికంటే ఎక్కువ వేగంతో నేలను తాకి దెబ్బతిన్నది. అందుకే ఈసారి కాళ్లను సెకనుకు 3 మీటర్ల నిలువు వేగం దాకా తట్టుకునేలా బలపరిచారు. సెకనుకు 3 మీటర్లంటే మన భూమి మీద 46 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే ఇంచుమించు మీ బెంచీ ఎత్తు నుంచి పడినంత. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ దారి వేరు. అది గాలిసంచులు చుట్టుకుని పడింది. మన నాలుగో జట్టు స్పాంజి పెట్టెలాగే గెంతింది, కనీసం పదిహేను సార్లు! అయితే దాని సంచులు అన్నివైపులా ఉన్నాయి, అందుకని ఎన్నిసార్లు ఎటు పడ్డా ఫరవాలేకపోయింది.

ఇప్పుడు చిట్లు సంగతి. మా బడి నుంచి చూస్తే జీనోమ్ వ్యాలీ భవనాలు కనిపిస్తాయి. 1999లో మొదలైన ఈ ప్రాంతంలో టీకాల కర్మాగారాలు, పరిశోధన శాలలు ఉన్నాయి. 2021 జనవరి 3న అత్యవసర వినియోగానికి అనుమతి పొందిన కోవాక్సిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ ఉన్నది ఇక్కడే. మా పిల్లల ఇళ్లలో చాలామంది పెద్దలు ఈ పరిశ్రమల్లో పనిచేస్తున్నారు. ఇక్కడి నుంచి బయలుదేరే టీకా చిన్న గాజు సీసాలో ఉంటుంది. ఆ సీసా లారీ ఎక్కాలి, విమానం ఎక్కాలి, దిగాలి, చివరికి ఏదో ఒక మారుమూల ఊళ్లో ఆరోగ్య కార్యకర్త భుజానికి వేలాడే పెట్టెలో ప్రయాణించాలి. సీసా భళ్లున పగిలితే నష్టమే గాని ప్రమాదం లేదు, అందరికీ కనిపిస్తుంది, పారేస్తారు. వెంట్రుకంత చిట్లు పడితే? మందు కారకపోవచ్చు. కాని సూక్ష్మజీవులకు ఆ దారి చాలు. అందుకనే సీసాలను నింపాక వెలుతురులో ఒకసారి తెల్లని తెర ముందు, ఒకసారి నల్లని తెర ముందు పెట్టి పరిశీలించే పద్ధతి ఉంది. మా టార్చి పరీక్ష దానికి పేద చుట్టం.

సీసాల పెట్టెకు ఇంకో చిక్కు. మన ఆరో జట్టులాగా రాయీ తోకా కట్టి "ఇలాగే పడు" అని చెప్పడానికి వీల్లేదు. కూలివాని చేతిలోంచి అది ఎటైనా పడవచ్చు. కాబట్టి రవాణా పెట్టెలను పరీక్షించే ఒక ప్రసిద్ధ పద్ధతిలో ఒకే పెట్టెను పది సార్లు పడేస్తారు. ఒక మూల మీద ఒకసారి, ఆ మూల నుంచి బయలుదేరే మూడు అంచుల మీద మూడుసార్లు, ఆరు ముఖాల మీద ఆరుసార్లు. పది కిలోల లోపు పెట్టె అయితే 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి. మనిషి నడుము దగ్గర పట్టుకున్న పెట్టె జారితే ఇంచుమించు అంతే గదా! ఈ సంగతి చెప్పగానే మూడో జట్టు వాళ్లు తమ ఉట్టి పెట్టెను బల్ల ఎత్తు నుంచి పది రకాలుగానూ పడేశారు. చిట్లలేదు. గడ్డి పెట్టె ఏడోసారికి, పైముఖం మీద పడినప్పుడు ఓడిపోయింది. పోటీ ఫలితం మార్చమని వాళ్లు అడిగారు. న్యాయమైన కోరికే. మేడ మీద నుంచి ఒక్కసారి పడడానికి గడ్డి, దారి పొడవునా పదిసార్లు పడడానికి ఉట్టి అని ఇద్దరికీ బహుమతి పంచాం.

అంతా అయిపోయి పిల్లలు చేతులు కడుక్కుంటుంటే, ఆరో జట్టులోని ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నలిగిన గడ్డి చేతిలో పట్టుకుని అడిగింది:

"సార్, ఇది మల్ల పనికిరాదు గదా?"

"రాదమ్మా. నలిగింది మళ్లీ నలగదు."

"మరి మీ హెల్మెట్‌ల గూడ థర్మాకోలే గదా సార్. పోయిన్నేడు మీరు కింద పడ్డప్పుడు పెట్టుకున్నది ఇదే గదా?"

నిజం చెప్పాలంటే నాకు వెంటనే మాట రాలేదు. ముందటి సంవత్సరం వానాకాలంలో బడి నుంచి ఇంటికి వెళుతూ రోడ్డు అంచున ఇసుకలో స్కూటరు జారి పడ్డాను. తల రాతి అంచుకు తగిలింది. లేచి దులుపుకున్నాను. తలకు ఏమీ కాలేదు. హెల్మెట్ మీద ఒక గీత పడింది, అంతే. తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. ఏడాది పాటు రోజూ అదే పెట్టుకుని బడికి వస్తున్నాను. ముప్పై ఏళ్లుగా బలం, త్వరణం పాఠాలు చెబుతున్న మనిషిని!

హెల్మెట్ సంగతి మీరూ లెక్క కట్టండి. నిలబడి ఉన్న మోటారుసైకిలు మీద నుంచి పక్కకు ఒరిగినా తల సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి రోడ్డు మీదికి వస్తుంది. చర్మం, ఎముక కలిసి నాలుగు మిల్లీమీటర్లు ఇచ్చాయనుకుంటే, 1500ను 4తో భాగించండి: 375 రెట్లు. హెల్మెట్‌లోని థర్మాకోల్ 20 మిల్లీమీటర్లు నలిగితే 75 రెట్లే. పైనున్న గట్టి చిప్ప పని బలాన్ని పరచడం. ఆగే దూరాన్ని ఇచ్చేది లోపలి థర్మాకోల్. గుడ్డు ట్రేలో కాగితపు గుబ్బలు చేసే పనే అది. 1935లో ఇంగ్లండులో టి. ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధ సైనికుడు, రచయిత మోటారుసైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఆ తరువాత ఇలాంటి దెబ్బలను వరుసగా పరిశీలించి, హెల్మెట్ ప్రాణాలు ఎలా కాపాడుతుందో 1941లో ఒక వ్యాసంగా ప్రకటించాడు. నలిగే పొర ఉన్న హెల్మెట్‌కు అమెరికాలో 1953లో పేటెంటు వచ్చింది. మన దేశంలో ఐ.ఎస్. 4151 అనే ప్రమాణం ప్రకారం హెల్మెట్లను పరీక్షిస్తారు. ఐ.ఎస్.ఐ. గుర్తు పక్కన ఆ అంకె ఉందో లేదో మీ ఇంట్లో చూడండి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. తలకంటే ముందు హెల్మెట్టే ఎగిరిపోతుంది.

ఆ సాయంత్రమే ల్యాబులో హెల్మెట్ లోపలి గుడ్డ ఊడదీశాం. గీత పడినచోట లోపల, అరచేతంత మేర థర్మాకోల్ చదునుగా, నునుపుగా ఉంది. బొటనవేలితో నొక్కితే దిగలేదు. ఎడమవైపు అదేచోట నొక్కితే దిగింది. ఆ రాత్రి ఇంటికి బస్సులో వెళ్లాను. మర్నాడు కొత్త హెల్మెట్ కొన్నాక, పాతదాన్ని బెంచీ వైసులో బిగించి హాక్సా బ్లేడుతో నడిమికి రెండుగా కోశాం. ఆ అమ్మాయే వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి బోర్డు మీద రాసింది. మంచివైపు మందం 30 మిల్లీమీటర్లు. తగిలినవైపు 21. నలిగింది 9 మిల్లీమీటర్లు. ఆ రోజు నా తల ఆగిన దూరం అది. ఆ రెండు చెక్కలూ ఇప్పుడు మా ల్యాబు బీరువాలో గుడ్ల ట్రే పక్కన ఉన్నాయి. 'పని, శక్తి' పాఠం వచ్చినప్పుడల్లా బయటికి తీస్తాం.